బాయి కూర

మా ఇంట్లో కోడికూర రెండు గిన్నెల్లో ఉడికేది. చిన్న గిన్నెలో నాటుకోడి, పెద్ద గిన్నెలో ఫారం కోడి. చిన్న గిన్నె నా భర్తది, పెద్దది మిగతా అందరిది. ఆ చిన్న గిన్నెకు మా అత్త ఒక పేరు కూడా పెట్టింది. బాయి కూర.

మా ఇల్లందు వైపు బొగ్గు గనిని బాయి అంటారు. గనిలో పనికి పోవడమంటే బాయికి దిగడం. నా భర్త బాయికి దిగే మనిషి కాబట్టి ఇంట్లో బలమైన తిండి ఏదున్నా ముందు ఆయన కంచంలో పడాలి. "భూమి కడుపులకు దిగి వస్తడు నా కొడుకు. ఇంట్ల కూసుండెటోళ్లకు ఏదైతేంది?" అనేది అత్త. ఇంట్లో కూర్చునేవాళ్లంటే ఎవరో కాదు, నేనే. తెల్లారకముందే లేచి బొగ్గు పొయ్యి రాజేసి, పంపు దగ్గర బిందెల వరసలో కొట్లాడి, షిఫ్టు మారినప్పుడల్లా మారే భోజనాల వేళకు వండి, ఆయన బొగ్గు బట్టలు బండకేసి బాది, నడుము పట్టేసి సాయంత్రం కాసేపు గోడకు చేరగిలపడితే, అదిగో, అప్పుడు కూర్చునేదాన్ని. ఆ కూర్చోవడం ఒక్కటే ఆమె కంటపడేది.

ఇది ఎనభైల నాటి సంగతి. అంతకు ముందు మా ఇంట్లో రెండు గిన్నెలు లేవు. జీతాలు పడ్డాక వచ్చే అంగడిలో నెలకొక నాటుకోడిని తెచ్చేదాన్ని. ఒక్క కోడి అందరి నోళ్లలోకీ వెళ్లాలి గనక పులుసు నీళ్లలా ఉండేది, కాని గిన్నె ఒకటే. తర్వాత బస్టాండు పక్కన ఒకతను ఇనప బోనుల్లో తెల్లకోళ్లు పెట్టి షాపు తెరిచాడు. నాటుకోడి ధరలో సగానికే ఇచ్చేవాడు. మా ఇంట్లోకి దాన్ని మొదట తెచ్చింది నేనే. ఇక అందరం కడుపునిండా ముక్కలు తినొచ్చని మురిసిపోయాను కూడా. తీరా జరిగింది వేరు. చవక సరుకు ఇంట్లోకి వచ్చాకే ఎవరు ఖరీదైన మనుషులో, ఎవరు చవక మనుషులో తేలింది. నా భర్త మొదటి ముద్దకే మొహం చిట్లించి, "ఏందే ఇది, దూది నమిలినట్టుంది" అన్నాడు. ఆ మరుసటి వారం నుంచి ఆయనకు విడిగా చిన్న గిన్నె పొయ్యెక్కింది. నాటుకోడిలో సగం వండి, మిగతా సగం ఉప్పూ పసుపూ పట్టించి దాచి మర్నాడు మళ్లీ ఆయనకే వండేదాన్ని.

మాకు ఒక్కతే కూతురు. అప్పటికి హైస్కూల్లో చదువుతోంది, కొత్తగా పెద్దమనిషి అయింది. ఫారం కోడి తింటే ఆడపిల్లలకు వేడి చేస్తుందని, ఒళ్లు ఊదిపోతుందని మా క్వార్టర్లలో ఒక మాట పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు గాని మా అత్త దాన్ని వేదవాక్కు చేసుకుంది. "అవి సూది కోళ్లు. సూదులేసి పెంచుతరు. ఎదిగే పిల్లకు పెడ్తవానే గసుంటియి?" అని పిల్ల కంచంలోంచి ముక్కలు ఏరేసేది. సరే, సూది కోడి వద్దు. మరి నాటుకోడి పెట్టొచ్చు కదా? అమ్మో, అది బాయి కూర! దీన్ని తినకూడదు, దాన్ని ముట్టకూడదు. చివరికి నా కూతురికి మిగిలింది చిన్న గిన్నెలోంచి ఒక గరిటె పులుసు, అదీ ముక్క పడకుండా వంచి పోసినది.

మా అత్తకు మనవరాలంటే ప్రేమ లేదని కాదు. ఒక్క గిన్నె ఉన్న రోజుల్లో కూడా తన ముక్కలు ఆమె తినేది కాదు, కొడుకు వైపే నెట్టేది. మెడ ముక్క చప్పరించి జీవితం వెళ్లదీసిన మనిషి. ఊరంతా ఆమెను ఎంత త్యాగమో అని మెచ్చుకునేవారు. నాకు మాత్రం ఒళ్లు మండేది. తాను కడుపు మాడ్చుకున్నది చాలక, దాన్నే ఒక పద్ధతి చేసి నా పిల్లకూ అంటగట్టింది. అది త్యాగమైతే తన దగ్గరే ఉంచుకోవాలి.

ఇంతా చేసి, ఆ కోడిని కొనుక్కొచ్చే పని నాదే. మాలాంటి ఇళ్లలో నాటుకోడి కొనడమంటే నోటు పారేసి సంచిలో వేసుకు రావడం కాదు. అంగడి రోజున అడవి పల్లెల నుంచి కోయ ఆడవాళ్లు గంపల్లో కోళ్లు పెట్టుకుని నడిచి వచ్చేవారు. వాళ్లు అంగడి దాకా చేరితే కదా! ఊరి బయట మలుపులో మారుబేరగాళ్లు కాపు కాసేవారు. ఆ ఆడవాళ్లకు తెలుగు సరిగా రాదని, తూకం పట్టించుకోరని, దారిలోనే గంప దింపించి నోటికొచ్చిన ధర చేతిలో పెట్టి మొత్తం ఊడ్చుకునేవారు. కాసేపటికి అవే కోళ్లు అంగడిలో రెట్టింపు ధర పలికేవి. అందుకని నేను బస్సెక్కి ఆ మలుపు దాటి అవతల దిగేదాన్ని. రోడ్డు పక్కన ఎర్రమట్టిలో ఆ కోయ ఆడవాళ్లకు ఎదురు నడిచేదాన్ని. బస్సు కిరాయి పోయినా కోడి ధరలో కలిసొచ్చేది.

కోడిని చేతిలోకి తీసుకోగానే ముందు రొమ్ము ఎముక తడిమి చూడాలి. కత్తిలా గుచ్చుకుంటే దానికి కండ లేనట్టే. ఈకలు ఊది చర్మం చూడాలి. కాళ్ల పొలుసులు నున్నగా ఉంటే లేతది, గరుకుగా ఉంటే ముదురు. ముదురు కోడిని పట్టుకొస్తే పూటంతా ఉడికినా ఉడకదు, పొయ్యి బొగ్గు దండగ. మెడ కింద మేత సంచి నొక్కి చూడాలి. బరువు తూగడానికి తడి నూకలు కూరి అమ్మే తెలివి మారుబేరగాళ్లది. అడవి ఆడవాళ్లు అలా చేసేవారు కాదు. ధర ఒక్కసారి చెప్పి అటు తిరిగి నిలబడేవారు. బేరమాడితే బదులు రాదు. తమలో తాము తమ భాషలో ఏదో అనుకునేవారు. నిజం చెప్పాలంటే వాళ్ల మీద కూడా నాకు కోపం వచ్చేది. నా కొంగుముడిలో ఎంతుందో వాళ్లకేం తెలుసు? వాళ్ల గుడిసెలో గింజలున్నాయో లేవో నాకేం తెలుసు? ఇద్దరు ఆడవాళ్లం ఎండలో నిలబడి ఒకరి నోటి దగ్గరి కూడు ఒకరం లాక్కున్నట్టే ఉండేది. తినే మనిషి ఆ వేళకు షిఫ్టు దిగి, ఫ్యాను కింద నిద్రపోతూ ఉండేవాడు.

ఒక ఎండాకాలం నా కూతురు బడిలో ప్రార్థన దగ్గర నిలబడి పడిపోయింది. ఇద్దరు టీచరమ్మలు రిక్షాలో ఇంటికి తెచ్చారు. కంపెనీ దవాఖానాకు తీసుకెళ్తే డాక్టరమ్మ దాని కంటి కింది రెప్ప లాగి చూసి నా మీద మండిపడింది.

"పిల్లకు రక్తమే లేదు. ఏం పెడుతున్నారమ్మా ఇంట్లో? మాత్రలు రాస్తాను, వాటితోనే సరిపోదు. గుడ్లు, మాంసం పెట్టండి. కార్జం తప్పకుండా పెట్టండి."

నాకు తల కొట్టేసినట్టయింది. కోళ్లు కొనడంలో నన్ను మించినది ఆ క్వార్టర్లలో లేదని పేరు. ఆ కోళ్లు తెచ్చే ఇంట్లో ఆడపిల్లకు రక్తం లేదు!

ఇంటికొచ్చి చెబితే అత్త తాపీగా విన్నది. "మాత్రలిచ్చింది గద. ఏసుకుంటది. మళ్ల కూర ఎందుకు?" అన్నది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు పెద్దలు. మేక కార్జం మాట ఎత్తే తాహతు మాకు లేదు. సూది కోడిని ఆమె పిల్లను ముట్టనివ్వదు. ఆమె కన్నుగప్పి ఒకసారి పెడితే పిల్లే, "వద్దమ్మా, నానమ్మ తిడ్తది" అని లేచిపోయింది. ఇక ఉన్నది ఒకటే దారి. పూర్తిగా పిల్లకే చెందేలా ఒక నాటుకోడిని తేవాలి. చిన్న గిన్నె లెక్కలో కలవకూడదు.

పొయ్యి బొగ్గు కంపెనీ ఇచ్చేది. అందులో రోజూ కొంత మిగిల్చి బస్టాండు హోటలుకు అమ్మాను. నా టీ మానేశాను. కూరల్లో నూనె తగ్గించాను, అత్త గొణిగినా విననట్టున్నాను. ఆ అంగడికి పొద్దున్నే మలుపు దాటి వెళ్లి ఒక ఎర్రపెట్టను పట్టాను. ఇంకా గుడ్డుకు రాలేదు, రొమ్ము నిండుగా ఉంది. ఎడమ కాలికి ఒక వేలు లేదు. ముంగిస కొరికిందని అమ్మినామె చేత్తో సైగ చేసి చూపించింది. ఆ ఒక్కసారి, నేను అడగకుండానే, ఆ వేలు పేరు చెప్పి కొంత తగ్గించింది కూడా.

ఇంటికి తెచ్చి గంప కింద కమ్మి, అందరి ముందూ చెప్పాను. "ఇది పిల్లది. కార్జం దగ్గర్నుంచి కాళ్ల దాకా పిల్లదే. ఎవ్వలు చెయ్యి పెట్టినా మంచిగుండదు." నా భర్త నవ్వాడు.

మర్నాడు పొద్దున నీళ్లు పట్టుకొని వచ్చేసరికి గంప వెల్లకిలా పడి ఉంది.

"కోడేది?" అన్నాను.

"వాడు తీస్కపోయిండు" అన్నది అత్త, బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండా.

"ఏడికి?"

"ఓవర్మన్ సారింటికి."

ఓవర్మన్ అంటే బాయిలో ఎవరు ఎక్కడ పనిచేయాలో చెప్పే అధికారి. నా భర్త వట్టి చేతులతో తిరిగొచ్చాడు. నా మొహం చూసి తనే మొదలుపెట్టాడు.

"సర్ఫేస్ల పని ఖాళీ ఉందంట. సారు మాటేస్తే బాయిల దిగుడు తప్పుతది, పైకొస్త. సారుకు నాటుకోడంటే పాణమంట. ఉత్త చేతులతోటి ఎట్ల పోవాలె?"

"అది పిల్లకు తెచ్చిన కోడి."

"పిల్లకు మళ్లొకటి తేవొచ్చు గదనే!"

మళ్లొకటి! అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నా టీ, నా నూనె, నా ఎండ, అన్నీ కలిపి ఆయన రెక్కలు పట్టి తీసుకెళ్లి ఇంకొకరి గుమ్మంలో పెట్టి వచ్చాడు. పైగా ఆ గొంతులో కొంచెం విసుగు. నేను అరిచాను. చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్లు బయటికొచ్చి చూసేలా అరిచాను. అంతకు కొన్నాళ్ల ముందే ఆయన పనిచేసే చోట పైకప్పు కూలి పక్కనున్న మనిషి కాలు నలిగిపోయింది. అప్పట్నుంచి షిఫ్టుకు పోయే ముందు బూట్లు ముందేసుకుని ఎంతకీ తొడుక్కునేవాడు కాదు. అది నాకు తెలుసు. నిజంగానే భయపడుతున్నాడు, నిజంగానే పైకి రావాలని చూస్తున్నాడు. అయినా ఆ భయానికి వెల నా కూతురి కంచంలోంచే ఎందుకు తీయాలి? తన గిన్నెలోంచి ఎందుకు తీయలేదు? అదే అడిగాను. ఆయన బూట్లు వేసుకుని షిఫ్టుకు వెళ్లిపోయాడు.

తర్వాతి అంగడికి నా దగ్గర కోడికి సరిపడా లేదు. గుడ్లయినా తెద్దామని వెళ్లాను. మారుబేరగాళ్లలో ఒకతను మార్కెట్టు గేటు దగ్గర గంప తెరిచి కూర్చున్నాడు. అందులో ఎర్రపెట్ట. ఎర్రపెట్టలు ఎన్ని ఉండవు! దాటి వెళ్లబోతూ కాలు చూశాను. ఎడమ కాలికి ఒక వేలు లేదు.

"ఈ పెట్ట ఏడికెళ్లొచ్చింది?" అన్నాను.

"అడివికెళ్లి అక్కా. పొద్దుగాల్నే వచ్చింది. అసల్ నాటు" అని ధర చెప్పాడు. నేను కొన్నదానికి రెట్టింపు.

"అబద్దాలాడకు. ఇది నా కోడి. పోయినంగడిల నేనే కొన్న."

"దాని మీద నీ పేరుందా అక్కా?" అని పళ్లికిలించాడు.

కాలు పట్టి చూపించాను. ఎవరి దగ్గర కొన్నానో, ఏ మలుపు దాటి కొన్నానో చెప్పాను. అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నీ దగ్గర దాచుడెందుకు తియ్. ఓవర్మన్ సారింట్లకెళ్లొచ్చింది. వారం వారం వస్తనే ఉంటయ్. ఒక్కింటికి గన్ని కోళ్లొస్తే ఆళ్లెన్నని తింటరు? మళ్ల ఆ పిల్లలకు ఫారం కోడే ఇష్టమంట, మెత్తగుంటదని."

అరికాలి మంట నెత్తికెక్కింది. నా కూతురికి దక్కని కోడి, సారుకు ప్రాణమని పట్టుకెళ్లిన కోడి, ఆ ఇంట్లో ఒక్క ముద్దగా కూడా మారలేదు. వాళ్లు దాన్ని అమ్ముకుని సూది కోడి తిన్నారు. ఇప్పుడు అదే కోడి రెట్టింపు ధర కట్టుకుని నా ముందుకొచ్చి కూర్చుంది. నాలాంటి ఇంకొకామె కొనుక్కుంటుంది, ఆమె మొగుడు మళ్లీ అదే గుమ్మానికి పట్టుకెళ్తాడు. బతికినన్నాళ్లూ అది అలా తిరుగుతూనే ఉంటుంది.

నేను దాన్ని చంకలో పెట్టుకుని నడిచాను.

"ఓ అక్కా! పైసలు?" అని వెనక నుంచి కేక వేశాడు.

నేను ఆగి వెనక్కి తిరిగాను. "పైసలా? గంప ఎత్తుకో. నడువ్, ఓవర్మన్ ఇంటికే పోదాం. ఆయనకిచ్చిందెవరో, నీకమ్మిందెవరో నలుగుట్ల అర్సుకుందాం. రా!"

జనం మూగారు. అతను నన్ను చూశాడు, జనాన్ని చూశాడు. వారం వారం వచ్చే కోళ్లు ఆగిపోతాయని తోచి ఉంటుంది.

"తీస్కపో తల్లీ, తీస్కపో. నీ కోడి నువ్వే తిను" అని చెయ్యి ఊపాడు.

"నేను గాదు తినేది" అన్నాను.

ఇంటికొస్తే అత్త గుండెలు బాదుకుంది. "లంగతనం జేసి తెచ్చినవా? సారుకు తెలిస్తే వాని నౌకరి ఏం గావాలె?" అన్నది. సారు ఇంట్లో ఆ కోడి ఎన్నాళ్లుందో, ఎక్కడికి చేరిందో మొత్తం చెప్పాను. ఆమె నమ్మలేదు. నమ్మితే కొడుకు పైకి రాడని ఒప్పుకోవాలి. మా ఇళ్లలో ఆడవాళ్లు కోడిని కొయ్యరు, ఎవరో మగవాణ్ని పిలుస్తారు. నేను ఎవరినీ పిలవలేదు. నేనే కోశాను. ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు రుద్ది కడిగి, మిరియాలు దంచి వేసి ఒక్కటే గిన్నె పొయ్యి మీద పెట్టాను. కార్జం చిదిమిపోకుండా చివర్లో వేశాను.

మధ్యాహ్నం పిల్ల బడి నుంచి వచ్చింది. మొదటి షిఫ్టు ఇంకా దిగలేదు. కాళ్లు కడుక్కురమ్మని పీట వేశాను. వేడి అన్నంలో కార్జం వేశాను, కందనకాయ వేశాను, కాలు ముక్క వేశాను. ఆ కంచంలో అవి పడడం అదే మొదటిసారి. అత్త గుమ్మంలో కూర్చుని మొహం అటు తిప్పుకుంది.

పిల్ల పులుసు కలుపుకుని గబగబా తిన్నది. పిల్లకు ఆకలి. ముక్కలన్నీ కంచం అంచుకు వరసగా జరిపింది. అన్నం అయిపోయాక ఎడం చేత్తో గూట్లోని చిన్న గిన్నె అందుకుని, ఒక్కొక్క ముక్కే అందులో వేయడం మొదలుపెట్టింది.

"ఏం జేస్తున్నవే?" అన్నాను.

"నాయినకు" అన్నది. "నాయిన బాయికి పోతడు గదమ్మా. నాకెందుకు?"

ఎవరూ చెప్పలేదు దానికి ఆ మాట ఆ పూట. నానమ్మ నోరెత్తలేదు. నాయిన ఇంట్లోనే లేడు. చిన్న గిన్నె దాని చేతిలోంచి లాక్కుని ముక్కలు తిరిగి కంచంలో గుమ్మరించాను. "తిను" అన్నాను. అది కదల్లేదు. "తినవే!" అని అరిచాను. నా జన్మలో ఎవరి మీదా అంత గట్టిగా అరవలేదు, దాని నాన్న మీద కూడా. పిల్ల ఉలిక్కిపడి కార్జం నోట్లో పెట్టుకుంది. కళ్లనీళ్లు కారుతున్నాయి. నేను ఎదురుగా కూర్చుని ప్రతి ముక్కా చూపించి తిను, తిను అంటూనే ఉన్నాను. తిన్నది. కన్నతల్లి వండిపెట్టిన కూర, తన ఇంట్లో, తన కంచంలో, అది తలుపు వైపు చూసుకుంటూ తిన్నది.